ముక్కల దోసె

మా మావయ్యగారు సింహాచలం గారి మీద నాకు ఒక్కటే ఫిర్యాదు. ఆయనకి జబ్బు మనిషిగా ఉండడం చేతకాదు. మిగతా వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎంత చక్కగా జబ్బుపడతారు. ఈ ఊళ్ళోనే టోవా పాయో పేటలో మా అత్తయ్యగారి స్నేహితురాలు కొండమ్మగారి భర్త అప్పయ్యగారు ఉన్నారు. ఆయనకి జలుబు చేస్తే పదకొండో అంతస్తు నుంచి కింద కాఫీషాపు దాకా తెలుస్తుంది. ఆ మూలుగు విని పక్కింటి మలయ్ ఆవిడ గిన్నెడు సూప్ పంపిస్తుంది. మా మావయ్యగారికి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయి ఎనిమిది నెలలైంది. ఎలా ఉన్నారని ఎవరడిగినా జవాబు ఒక్కటే, "ఫస్ట్ క్లాస్" అని.

ఇలాంటి మనిషికి ఒకరి సాయం కావాలని ప్రభుత్వం చేత రాయించే పని నా నెత్తిన పడింది.

ఆయన సెంబవాంగ్ డాక్‌యార్డులో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. ఓడల్ని నీళ్ళలోంచి పైకి లాగి, బాగుచేసి, మళ్ళీ నీళ్ళలోకి దించిన మనిషి. అంత పని చేసినవాణ్ణి నన్ను నేను లేపుకోలేనా అన్నది ఆయన వాదన. ఇంట్లో ఆయనా, అత్తయ్యగారు తారాదేవిగారూ, మా ఆయన మధుసూదనరావూ, పదేళ్ళ మా అమ్మాయి చంటీ, నేనూ. ఆంధ్రా యూనివర్సిటీలో నేను చదివిన ఎకనామిక్స్ ఎమ్మే ఈ ఇంట్లో ఇంగ్లీషు ఉత్తరాలు చదివిపెట్టడానికి బాగా పనికొచ్చింది.

అలా చదివిపెట్టిన వాటిలో ఒకటి నాలుగేళ్ళ కిందట, రెండువేల రెండులో వచ్చింది. నలభై నుంచి అరవై తొమ్మిదేళ్ళ మధ్య ఉన్న ఇక్కడి పౌరులందర్నీ ఎల్డర్‌షీల్డ్ అనే బీమాలో చేరుస్తున్నాం, వద్దనుకున్నవాళ్ళు వద్దని సంతకం చేసి పంపండి అని దాని సారాంశం. మావయ్యగారికి అప్పుడు అరవయ్యేడు. వద్దని సంతకం పెట్టేస్తానన్నారు. తీరా పెట్టబోతే కళ్ళజోడు దొరకలేదు. మూడు వారాలు దొరకలేదు. గడువు దాటాక దొరికింది. అది ఎక్కడుందో నాకు తెలుసు. కానీ నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ బీమా అవసరం వచ్చింది. స్నానం, బట్టలు, తిండి, మరుగుదొడ్డి, మంచం మీంచి కుర్చీలోకి మారడం, ఇంట్లో నాలుగడుగులు నడవడం. ఈ ఆరింటిలో మూడు ఒకరి సాయం లేకుండా చేసుకోలేకపోతే నెలకి మూడువందల డాలర్లు ఇస్తారు, అయిదేళ్ళపాటు. దాంతో పొద్దున్నపూట ఒక మనిషిని పెట్టుకోవచ్చు. అది మావయ్యగారి కోసం కాదు, అత్తయ్యగారి నడుము కోసం. మార్చిలో ఆయన్ని బాత్రూమ్‌లోంచి లేవదీస్తుంటే అది కలుక్కుమంది. ఇంకోసారి ఇలా ఎత్తితే మీ ఇద్దర్నీ ఎత్తడానికి ఇద్దరు కావాలని పాలీక్లినిక్ డాక్టరు చెప్పాడు.

నడుం సంగతి అలా ఉంచితే, ఆవిడ పేకాట కూడా పోయింది. అంతకుముందు రోజూ పొద్దున ఏడున్నరకి మా బ్లాకు కింద వాయిడ్ డెక్ అనే ఖాళీ చావడిలో రాతిబల్ల దగ్గర నలుగురు ఆడవాళ్ళు పేకాడేవారు. పందెం వేరుశనగకాయలు. అత్తయ్యగారు తొమ్మిదింటికి గెలిచిన కాయలు కొంగున మూటగట్టుకుని పైకొచ్చేవారు. ఎనిమిది నెలలుగా ఇంట్లోకి ఒక్క కాయ రాలేదు. ఎదురింటి పెగ్గీ ఆంటీ మాత్రం ఇప్పటికీ రోజూ ఆవిడ పీట మీద ఒక టిష్యూ పేపర్ పొట్లం పెట్టి చోప్ చేసి ఉంచుతుంది. ఆ పొట్లం ఉండగా ఈ ఊళ్ళో ఎవరూ ఆ పీట మీద కూర్చోరు.

మనిషికి జీతం తాను ఇస్తానని మా ఆయన ఎప్పుడో అన్నారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "పెళ్ళాన్ని నేనుండగా మనిషెందుకు?" అన్నారు. ఆవిడ తల వంచేది రెండింటికే, సింహాద్రి అప్పన్నకీ, సర్కారు ఉత్తరానికీ. అప్పన్న ఈ విషయంలో ఏమీ చెప్పలేదు కాబట్టి మాకు ఉత్తరం కావలసి వచ్చింది.

ఫారం నింపే పని మా ఆయన తీసుకున్నారు. ఆయనది జురాంగ్ ఈస్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఆ ఏడు వాళ్ళ కంపెనీ కుర్చీలు చాలనంతమందిని చేర్చుకుంటోంది. హైదరాబాదు నుంచి నెలకి అరడజను మంది దిగేవారు, వాళ్ళకి సిమ్ కార్డు దగ్గర్నుంచి కందిపప్పు దాకా ఎక్కడ దొరుకుతాయో చెప్పే బాధ్యత కూడా మా ఆయనదే. ఏ పనైనా మొదలుపెట్టే ముందు వాడేవాణ్ణి కూర్చోబెట్టి అడగాలన్నది ఆయన వృత్తిధర్మం. అందుకని తండ్రిని కూర్చోబెట్టి అడిగారు. స్నానం చేసుకోగలరా? చేసుకోగలను. బట్టలు? వేసుకోగలను. సాయం ఎవరు చేస్తారు? ఎవరూ లేరు. అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు. అత్తయ్యగారిని ఏమీ అడగలేదు, ఆవిడ వాడేది కాదు కదా, నడిపేది.

చూడడానికి డాక్టరమ్మ వస్తుందన్న రోజు అత్తయ్యగారు ఆరింటికల్లా మావయ్యగారికి గెడ్డం గీసి, పౌడరు రాసి, తెల్ల చొక్కా తొడిగి, డాక్‌యార్డు వాళ్ళు రిటైరైనప్పుడిచ్చిన బిళ్ళ జేబుకి గుచ్చి, పెళ్ళిచూపులకి పిల్లని కూర్చోబెట్టినట్టు హాల్లో కూర్చోబెట్టారు. జీడిపప్పు వేసి ఉప్మా చేశారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, మర్యాదస్తురాలు, ఉప్మా రెండోసారి పెట్టించుకుంది. ఆయనకి సాయం ఎవరు చేస్తారని అడిగితే అత్తయ్యగారు నవ్వుమొహంతో ఎవరూ లేరన్నారు. లేచి నిలబడమంటే "లేవండి, లేవండి" అంటూ పక్కన నిలబడ్డారు, ఆయన లేచారు. ఇంటికొచ్చిన మనిషిని లిఫ్టు దాకా సాగనంపకపోతే ఎలా అని మావయ్యగారు బయల్దేరితే, అత్తయ్యగారు ఆయన కుడిచెయ్యి పట్టుకుని వెంట నడిచారు. ఈ వయసులో కూడా చేతిలో చెయ్యి వేసుకుని నడుస్తున్నారని డాక్టరమ్మ మురిసిపోయింది. అత్తయ్యగారు సిగ్గుపడ్డారు.

ఆ పిల్లని అనడానికేం లేదు. మేం చూపించిందే చూసింది. రోజూ ఇంట్లో పడి ఉండేదాన్ని, అట్లకాడ పట్టుకుని వంటింటి గుమ్మంలోంచి అంతా చూసినదాన్ని, నాకే తట్టలేదు.

పదిరోజులకి ఉత్తరం వచ్చింది. స్నానానికి ఒక్కదానికే సాయం కావాలి, మిగతావన్నీ చేసుకోగలరు కాబట్టి ప్రస్తుతానికి ఇవ్వడం కుదరదు, పరిస్థితి మారితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు అని. మావయ్యగారు పరీక్ష పాసైనట్టే సంబరపడ్డారు. ఆరింట అయిదు మార్కులొచ్చాయని టోవా పాయోకి ఫోన్ చేసి మరీ చెప్పారు.

ఆ వారమే అత్తయ్యగారి నడుం మళ్ళీ పట్టేసింది. రెండు రోజులు వేడినీళ్ళ సంచీ కట్టుకుని గోడ పట్టుకుని నడిచారు. మా ఆయన ఒక నర్సింగ్ హోమ్ కరపత్రం తెచ్చి, ఎవరికీ కనబడకూడదని పేపరు కింద పెట్టారు. మా ఇంట్లో పేపరు మొదట తీసేది మావయ్యగారే. ఈసారి ఆయనకి కళ్ళజోడు వెంటనే దొరికింది. అంతా చదివి మడిచి, "ఫస్ట్ క్లాస్. పంపించెయ్యండి" అన్నారు. ఆ పూట అత్తయ్యగారు ఏ వంటలోనూ ఉప్పు వెయ్యలేదు. అందరం అలాగే తినేశాం.

మర్నాడు ఆవిడ కాకరకాయలు తరుగుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యగారూ, మావయ్యగారికి ఎవరు సాయం చేస్తారని అడిగితే ఎవరూ లేరన్నారేం?"

"ఎవరున్నారమ్మా?"

"మీరో?"

కత్తిపీట మీంచి తలెత్తి, ఇంత చదువుకున్నదానికి ఈ మాత్రం తెలీదా అన్నట్టు చూశారు. "నేను సాయమేటమ్మా, పెళ్ళాన్ని."

అప్పుడు తట్టింది. ఈ ఇంట్లో ఇద్దరూ అబద్ధం ఆడడం లేదు. జబ్బు రాకముందు నలభై ఏళ్ళూ ఆయన స్నానానికి వెళితే తువ్వాలు తలుపు దగ్గర ఉండేది, బయటికొస్తే చొక్కా చేతిలో ఉండేది. జబ్బు వచ్చాక ఆ చేతులే ఇంకొంచెం ముందుకొచ్చాయి. చేసేది సాయమని ఆవిడకీ తెలీదు, పొందుతున్నానని ఆయనకీ తెలీదు. ఇక వచ్చిన డాక్టరుకేం తెలుస్తుంది?

కొండమ్మగారికి ఫోన్ చేశాను. శనివారం పొద్దున్నే అక్కణ్ణుంచి అత్తయ్యగారికి ఫోన్ వచ్చింది. లిటిల్ ఇండియాలో పచ్చళ్ళ మామిడికాయలు దిగాయనీ, తొమ్మిది కేజీలు కొనేశామనీ, ఆవపిండి పాళ్ళు నువ్వొచ్చి చెప్పకపోతే అన్నీ పాడైపోతాయనీ. అత్తయ్యగారు కాసేపు ఊగిసలాడారు. వెళ్ళు, నాకేం పని నీతో, అన్నారు మావయ్యగారు మంచం మీంచే. ఆ మాటతో ఆవిడ ఏడింటికల్లా టాక్సీ ఎక్కేశారు.

మా ఆయన్ని పక్కకి పిలిచి ఒక్కటే చెప్పాను. అడిగింది చెయ్యండి, అడగనిది చెయ్యకండి. "స్కోప్ దాటకూడదు, అంతేగా" అన్నారు. ఎప్పుడూ లేనిది నా మాట ఆయనకి అంత తొందరగా అర్థమైంది. చంటికి ఇంకో పని అప్పగించాను. తాతయ్య నాన్నని పిలిచినప్పుడల్లా కాగితం మీద ఒక గీత గియ్యాలి.

ఏడూ పదికి మావయ్యగారు మంచం అంచున కూర్చున్నారు. చాలాసేపు కూర్చున్నారు. దేనికోసమో ఆగినట్టున్నారు కానీ దేనికోసమో ఆయనకే తెలీడం లేదు. రోజూ ఆ సమయానికి ఒక చెయ్యి చంక కిందికి వచ్చేది. తనంతట తాను లేవబోయి పరుపు మీదే వెనక్కి కూలబడ్డారు. ఇంకోసారి. మూడోసారి, "మధూ" అన్నారు. చంటి గీత గీసింది.

ఆ తరవాత గీతలకి తెరిపి లేదు. పేస్టు మూత రాలేదు. తువ్వాలు తలుపు దగ్గర లేదు. మరుగుదొడ్డి తలుపు బయట రోజూ అత్తయ్యగారు ఎందుకు నిలబడతారో, ఎందుకు నిలబడతావని రోజూ ఎందుకు కసురుకుంటారో, ఇవాళ లోపల ఒక్కరూ ఉన్నప్పుడు తెలిసింది. చొక్కా ఎడమ చేతికి ఎక్కి అక్కడే ఆగిపోయింది. పోనీ నేను తొడగనా అంటే కోడలిచేత చొక్కా తొడిగించుకునే మనిషి కాదు ఆయన. మా ఆయనేమో అడిగిన గుండీ పెట్టి, అడగని గుండీ వదిలేసి, చెవికి ఫోన్ ఆనించుకుని హైదరాబాదులో ఎవరికో ధైర్యం చెబుతున్నారు.

టిఫిన్‌కి పదిన్నర అయింది. కుడిచెయ్యి పడిపోయాక మావయ్యగారు ఎడం చేత్తో చెంచా పట్టుకుని తింటారు. ఎడం చెయ్యి నేరుగా అన్నానికి తగలడం అత్తయ్యగారు చూడలేరు. నేను పళ్ళెంలో దోసె వేసి ఇచ్చాను. ఆయన దోసెనీ చెంచానీ మార్చి మార్చి చూశారు.

"ఏమ్మా, ఇవాళ దోసె ఇంత పెద్దగా ఉందేం?"

"పెనం అదే మావయ్యగారూ" అన్నాను.

ఆయన చెంచాతో దోసెని నాలుగువైపుల నుంచీ పొడిచి చూశారు, ఓడని రేవులోకి తిప్పుతున్నంత శ్రద్ధగా. చివరికి అది పళ్ళెం దాటి బల్ల మీదికి వచ్చేసింది. చంటి ఆ గీత వెయ్యాలా వద్దా అని నా వైపు చూసింది. పిలవలేదు కాబట్టి వద్దన్నాను.

మధ్యాహ్నం అన్నాల వేళకి ఆ కాగితం ఆయన కంటబడింది. అదేం లెక్కని అడిగారు.

"నువ్వు డాడీని పిలిచిన లెక్క తాతా. ఫార్టీ వన్ టైమ్స్ లా" అంది చంటి, ఈ ఊరి పిల్లలందరిలా చివర ఒక "లా" తగిలించి.

మావయ్యగారికి పౌరుషం వచ్చింది. వీపు నిటారుగా పెట్టి కూర్చున్నారు. "మీ నాన్నకి చురుకు లేదు కాబట్టి పిలిచాను. అదే మీ నాయనమ్మనైతే ఒక్కసారి కూడా పిలవను."

అనేసి చేతిలో చెంచా కింద పెట్టారు. తను అన్నది తనకే వినబడినట్టుంది. చంటి ఇంకా ఏదో అనబోతే నేను దానికి పెరుగు వడ్డించాను.

నాలుగింటికి అత్తయ్యగారు రెండు జాడీలతో, మోచేతుల దాకా ఆవఘాటుతో, ఎనిమిది నెలల్లో ఎప్పుడూ లేనంత కళకళలాడుతూ దిగారు. కొండమ్మకి ఇప్పటికీ ఉప్పు పాళ్ళు తెలీవని చెబుతూనే, ఆయన కాళ్ళ కిందికి పీట జరిపారు, వీపు వెనక దిండు ఎగదోశారు, కాఫీ కప్పు చెవి ఆయన ఎడమవైపుకి తిప్పి పెట్టారు, మా ఆయన వదిలేసిన గుండీ పెట్టారు. మాట ఎక్కడా ఆగలేదు. మావయ్యగారు మాట వినడం లేదు. ఆవిడ చేతులు ఎటు వెళితే అటు చూస్తున్నారు. అవేవో కొత్తగా కొన్న చేతులైనట్టు.

  వారం తరవాత మళ్ళీ దరఖాస్తు పెడతాను అంటే, పెట్టుకో అన్నారు.

డాక్టరమ్మ రెండోసారి వచ్చింది గురువారం. మావయ్యగారు తెల్ల చొక్కా తొడగమన్నారు. బిళ్ళ కూడా గుచ్చమన్నారు. అయిపోయింది, ఈసారి ఆరుకి ఆరు తెచ్చుకుంటారనుకుని నేను ఉప్మాలో జీడిపప్పు వెయ్యడం మానేశాను.

డాక్టరమ్మ పాత ప్రశ్నే అడిగింది, ఇంట్లో ఈయనకి సాయం ఎవరు చేస్తారని. అత్తయ్యగారు పాత నవ్వే నవ్వి, పాత జవాబే చెప్పారు, ఎవరూ లేరని.

మావయ్యగారు క్లాసులో పిల్లాడిలా ఎడంచెయ్యి పైకెత్తారు. ముందు అత్తయ్యగారిని వెళ్ళి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోమన్నారు. ఎందుకని ఆవిడ అడిగితే, కూర్చో అన్నారు. ఆవిడ వెళ్ళి కుర్చీ అంచున, ఎప్పుడైనా లేవడానికి వీలుగా కూర్చున్నారు. అప్పుడాయన డాక్టరమ్మని, ఇక చెప్పమ్మా ఏం చెయ్యాలో అన్నారు.

లేవమంది. ఆయన లేవలేదు. లేవనని భీష్మించడం కాదు, నిజంగా ప్రయత్నించి మూడుసార్లు కుర్చీలోనే పడ్డారు. పడిన ప్రతిసారీ కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. చొక్కా విప్పి తొడుక్కోమంది. విప్పడానికే పది నిమిషాలు పట్టింది. డాక్టరమ్మ ఓపిగ్గా చూసింది. నేను అత్తయ్యగారిని చూశాను. ఒళ్ళో ఆవిడ వేళ్ళు గాలికి గుండీలు పెడుతున్నాయి.

పోయినసారి ఇవన్నీ ఎలా చేశారు అంకుల్, అని డాక్టరమ్మ పాత కాగితం తిప్పుతూ అడిగింది.

"పోయినసారి పరీక్ష ఇద్దరం రాశాం డాక్టర్" అన్నారు మావయ్యగారు డాక్‌యార్డు ఇంగ్లీషులో. "మార్కులు నాకొక్కడికే వేశారు. సాయం చేసేది ఎవరో రాసుకోండి. తారాదేవి."

నేను కాపురానికొచ్చి పన్నెండేళ్ళు. ఆ పేరు ఆయన నోట వినడం అదే మొదలు. అత్తయ్యగారు ఎవరొచ్చారా అని గుమ్మం వైపు చూశారు.

ఉత్తరం నెల తిరక్కుండా వచ్చింది. ఈయనకి ఒకరి సాయం కావాలని ప్రభుత్వం తరఫున తేలిపోయింది కాబట్టి అత్తయ్యగారు దాన్ని అప్పన్న పటం దగ్గర పెట్టి, కుంకుమబొట్టు పెట్టి, పొద్దున్నపూట మనిషిని పెట్టుకోడానికి ఒప్పుకున్నారు. నర్సింగ్ హోమ్ కరపత్రం మా చంటి పడవ చేసి బాత్రూమ్ బకెట్‌లో తేల్చింది. మావయ్యగారు ఆ పడవని పరిశీలించి, బరువంతా ఒకవైపే ఉందన్నారు.

సోమవారం నుంచి మజీద్ రావడం మొదలుపెట్టాడు. బలమైన చేతులూ మెత్తని మాటా ఉన్న మనిషి, అంతకుముందు ఆస్పత్రిలో అటెండరుగా చేశాడట. ఇద్దరూ మలయ్‌లో పాత సెంబవాంగ్ కబుర్లు చెప్పుకుంటూ స్నానానికి వెళ్ళారు. అత్తయ్యగారు బాత్రూమ్ తలుపు దగ్గరే నిలబడ్డారు. నేను చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ళ ముందు పెట్టాను. లిఫ్టు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చారు, ఒకసారి తువ్వాలు ఎక్కడుందో చెప్పడానికి, ఒకసారి అది చెప్పానా అని అడగడానికి. మూడోసారి వెళ్ళినవారు రాలేదు. కిటికీలోంచి చూస్తే ఏమీ కనబడలేదు గాని, కాసేపటికి కింద నుంచి నలుగురాడవాళ్ళ కేకలు తొమ్మిదో అంతస్తు దాకా వచ్చాయి.

ఆవిడ తొమ్మిదిన్నరకి పైకొచ్చారు. ముడి ఊడిపోయి ఉంది, కొంగున ఇంత మూట ఉంది, చేతిలో పది నెలలుగా ఆ పీట కాపలా కాసిన టిష్యూ పొట్లం ఉంది. పెగ్గీ ఆంటీ ఈ పది నెలల్లో ఆట నేర్చుకోకపోగా ఉన్నది కూడా మరిచిపోయిందని ప్రకటించారు.

మావయ్యగారు శుభ్రంగా తయారై బల్ల దగ్గర ఉన్నారు. మజీద్ పళ్ళెంలో దోసె వేసి ఆయన ముందు పెట్టాడు, పెనమంత దోసె. అత్తయ్యగారు మూట బల్ల మీద పడేసి, అయ్యో ఇలా పెడితే ఎలా తింటారనుకుంటూ రోజూలాగే ముక్కలు చెయ్యడానికి గబగబా వచ్చారు.

మావయ్యగారు తన ఎడంచెయ్యి పళ్ళానికి అడ్డం పెట్టారు. మూటలోంచి రాలిన వేరుశనగకాయ ఒకటి తీసి ఆవిడ వైపు జరిపి, కూర్చోమన్నట్టు కుర్చీ చూపించారు.

"ఇన్నాళ్ళూ పెనం చిన్నదనుకున్నానే, తారా" అన్నారు. "నాదే తప్పు."